రూతక్క గురువారాలు

నిన్న ఎండలో బస్టాండు దగ్గర చలివేంద్రంలో ఎవరో నా చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టారు. దంచి వేసిన అల్లం, కరివేపాకు వాసన ముక్కుకు తగలగానే తాగడం మరచి అక్కడే నిలబడిపోయాను. గోదావరిఖనిలో ఆ వాసన నాకు ఒక్క మనిషిదే. ప్రార్థనా మందిరం వెనక రేకుల గదిలో, గురువారం సాయంత్రాలు తాగుడు మానాలనుకునే బొగ్గుబాయి కార్మికులను కూర్చోబెట్టి మాట్లాడించిన పంతులమ్మ, రూతక్క. ఆమె భర్తను మందే తీసుకుపోయింది. ఆ తర్వాత హైదరాబాదు వెళ్ళి ఈ విద్య నేర్చుకుని వచ్చింది. దానికి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అని పెద్ద పేరుందట. మా ముందు ఆ పేరు ఎప్పుడూ ఎత్తలేదు.

అది తెలంగాణ ఇంకా రాని కాలం. డ్యూటీకి నాగాలు పెట్టీ పెట్టీ ఉద్యోగం ఊడేదాకా తెచ్చుకున్నాను. నా భార్య పిల్లలను తీసుకుని రామకృష్ణాపూర్‌లోని తల్లిగారింటికి వెళ్ళిపోయి, మందు మానితేనే వస్తానని కబురు పెట్టింది. నన్ను ఆ గదికి లాక్కుపోయినవాడు రూతక్క తమ్ముడు యోహాను. మా ఇద్దరిదీ ఒకే షిఫ్టు, ఒకే సీసా. కథలల్లడంలో నన్ను మించినవాడు మా బాయిలో లేడు కనుక మొదటి రోజే ఆమె మీదికి ఒకటి వదిలాను. నాగాలకు కారణం మందు కాదనీ, బాయిలోకి పులి దిగిందనీ, అది టోపీ దీపం పెట్టుకుని మరీ తిరుగుతుంటే మేనేజరే భయపడి నన్ను ఇంట్లో ఉండమన్నాడనీ చెప్పాను. ఆమె చివరిదాకా శ్రద్ధగా విన్నది.

“పులిది ఏ షిఫ్టు తమ్మీ?”

“రెండో షిఫ్టు అక్కా.”

“దానికన్న మస్టర్ల హాజరు పడుతున్నదా? నీకైతే పడ్తలేదు.”

యోహాను పడీ పడీ నవ్వాడు. ఇప్పటికీ వాడు నాకు ఆ నవ్వుతోనే గుర్తొస్తాడు.

ముందు నన్ను దవాఖానకు పంపి డాక్టరుకు చూపించింది. తర్వాత, మానమని చెప్పకుండా, ఎందుకు తాగుతావని అడిగింది. బొగ్గు దుమ్ము గొంతులోంచి దిగాలంటే మందు పడాల్సిందేనన్నాను. ఇది నేను అల్లిన కథ కాదు. మా నాన్న నమ్మాడు, ఆయనతో బాయిలో దిగినవాళ్ళంతా నమ్మారు. బాయిలో దిగగానే మొదట ఏం చేస్తావని అడిగింది. పైకప్పును కడ్డీతో కొట్టి చూస్తానన్నాను. గట్టి మోత వస్తే దాని కింద పని చేస్తాం, డొల్లగా మోగితే పక్కకు జరుగుతాం.

“మరి ఈ మాట కింద ఇన్నేండ్లు కూసున్నవ్. ఒక్కసారన్న కొట్టి చూసినవా?”

కొట్టి చూడటమంటే ఆమె దగ్గర వాదన కాదు. షిఫ్టు దిగి వైన్సు వైపు పోకుండా నేరుగా ఆమె దగ్గరికి వచ్చి మజ్జిగ తాగాలి. దుమ్ము నన్ను చంపుతుందో లేదో చూడాలి. చేతులు వణికాయి, నిద్ర పట్టలేదు. దుమ్ము మాత్రం ఎప్పటిలాగే ఉమ్ములో నల్లగా పోయింది. ఆ తర్వాత ‘ఈ ఒక్క రోజే’ అనే మాట వచ్చింది, ‘తాగకుంటే దోస్తులేమనుకుంటారు’ అనేది వచ్చింది. వాటినీ అలాగే కొట్టి చూశాను. ఊరందరినీ నమ్మించినవాణ్ణి కదా, నా తల నాకే చెప్పే కథలు ఎక్కడ అతికించిందో పట్టుకోవడం తొందరగానే వచ్చింది. నా భార్య పిల్లలతో తిరిగి వచ్చింది.

యోహానుకు అది పట్టుబడలేదు. నవ్వుకుంటూ వచ్చేవాడు, వారాల తరబడి మాయమయ్యేవాడు. ఒక వానాకాలం కామెర్లు ముదిరి చనిపోయాడు. మోసినవాళ్ళకూ గుంత తవ్వినవాళ్ళకూ మందు పోయించడం మా దగ్గర ఆనవాయితీ. సమాధుల తోట గోడ పక్కన నా చేతికీ గ్లాసు వచ్చింది.

“వాని పేరు మీద ఒక్కటి తాగు బావా. లేకుంటే వాని ఆత్మ మొత్తుకుంటది,” అన్నాడు గ్లాసు ఇచ్చినవాడు.

ఆ మాట నిజంలాగే వినిపించింది. శవపేటిక మోసిన భుజం ఇంకా నొప్పి పెడుతోంది. గ్లాసు పెదవి దాకా వచ్చింది. వాడి ఆత్మ నిజంగానే మొత్తుకుంటే ఏమని మొత్తుకుంటుందని నన్ను నేను అడిగాను. గ్లాసు కింద పెట్టి రూతక్క ఇంటికి నడిచాను.

తాగలేదని చెబితే ఆమెకు కాస్త ఊరట అనుకున్నాను. ఆమె వాకిట్లో తడిసిన చీరతోనే కూర్చుని ఉంది. ఊరందరికీ చెప్పి సొంత తమ్ముడికి చెప్పలేకపోయాననీ, ఇంకాస్త గట్టిగా పట్టుకుని ఉంటే బతికేవాడనీ అంది. ఆమె నేర్పిందే ఆమెకు అప్పజెప్పాను.

“అక్కా, గా మాటను కొట్టి చూసినవా?”

ఆమె తడి కొంగు పిండుకుంది.

“చూసిన తమ్మీ. డొల్లనే మోగుతది. అయినా దాని కిందికెల్లి లెవ్వబుద్ధయితలేదు. నేను లేస్తే వాడొక్కడే అయితడు.”

నేను ఆమె పక్కనే కూర్చున్నాను. ఆ తర్వాత గురువారం ఆమె మళ్ళీ గది తెరిచింది, మళ్ళీ మా మాటలను కొట్టి చూపించింది. తన మాటను మాత్రం అలాగే ఉంచుకుంది. తెలంగాణ వచ్చిన ఏడాది ఆమె కూడా పోయింది.

ఇప్పుడు ఆ గది నేనే తెరుస్తున్నాను. తాగేవాళ్ళంటే నాకు బెంగ లేదు, వాళ్ళు చెప్పే కథలన్నీ నేను చెప్పినవే. ఎప్పుడైనా ఒక తల్లో, అక్కో వచ్చి మా వాణ్ణి నేనే పోగొట్టుకున్నానంటుంది. అందులో ఆమె తప్పు లేదని నాకు తెలుసు. చెప్తాను కూడా, కానీ వెంటనే కాదు. ముందు కుర్చీ జరుపుకుని, ఆమె పక్కన కూర్చుంటాను.