గడ్డపారకు ఊడొచ్చిన దిమ్మె

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది ఎండాకాలంలో నన్ను నల్గొండ గనుల శాఖ కార్యాలయానికి అసిస్టెంట్ జియాలజిస్టుగా బదిలీ చేశారు. హోదా పేరు వింటే చిన్నగా ఉంటుంది కానీ, మా ఆఫీసులో రాళ్లను చూసేది ఆ హోదాలో ఉన్నవాడొక్కడే. మిగతా అందరూ ఫైళ్లను చూస్తారు. చేరీ చేరగానే ఒక దావా నా నెత్తిన పడింది.

మేళ్లచెరువు దిక్కు ఒక సిమెంటు కంపెనీ అన్వేషణ అనుమతి తీసుకుని రైతుల భూముల్లో బోర్లు వేసింది. ఇవి నీళ్ల కోసం కాదు. కింద సున్నపురాయి ఎంత మందం ఉంది, ఏ రకం అని తెలుసుకోవడానికి సన్నటి రంధ్రం దింపి, రాయిని కడ్డీలా బయటికి తీస్తారు. రాయి నచ్చలేదు, కంపెనీ సామాను సర్దుకుని పోయింది. రంధ్రాలు మూయలేదనీ, బురద గుంతలు పూడ్చలేదనీ, భూమిని మునుపటిలా చేసి ఇవ్వాలనీ ప్రభుత్వం జిల్లా కోర్టులో దావా వేసింది. సర్కారు తరఫు సాక్షిని నేను.

మూయడానికి ఒక పద్ధతి ఉంది. అడుగు నుంచి పైదాకా సిమెంటు పాలు నింపాలి. అది పచ్చిగా ఉండగానే ఇనుప చువ్వ దించి, ఆ చువ్వ మీదే కాంక్రీటు దిమ్మె పోసి, నంబరు వేయాలి. కంపెనీ జవాబు ఏమిటంటే, మేము అన్నీ పద్ధతిగానే చేశాం, దిమ్మెలను ఊరివాళ్లు ఎత్తుకుపోయారు, కేసు పెడితే వాళ్ల మీద పెట్టండి అని. ఇబ్బంది ఏమిటంటే, చేలల్లో నిజంగానే ఒక్క దిమ్మె కూడా లేదు.

లచ్చమ్మ చెలక నేను మొదట చూసిన భూమి. భర్త పోయాక ఒంటరిగా సేద్యం చేసుకునే మనిషి. కంపెనీ పోయిన ఏడే వానకు నోరు కూలి వెడల్పయిన రంధ్రంలో ఆమె ఎద్దు కాలు దిగి విరిగింది. ఆ తర్వాత ఏ ట్రాక్టరు వాడూ ఆ చెలకలో కాలు పెట్టలేదు. గట్టు మీద కూర్చుని, "నాకేం వద్దు సారూ. వానలు పడే యాల్లకు నా చెలకల నాగలి తిరగనియ్యుండ్రి, గంతే," అంది.

ఆ మాట నాకు లోపల ఎక్కడో తగిలింది. మా నాయిన పాలమూరు కూలి. ఊరూరా కాలువలు తవ్వినవాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చేటప్పుడు ఎవరిదో కంది చేను కనిపిస్తే ఆగి, "మంచిగున్నది," అని మాత్రం అనేవాడు. నాకు చదువు వచ్చింది, నెల జీతం వచ్చింది, భూమి కింద ఏముందో చెప్పే విద్య వచ్చింది. పైనున్న మన్ను మాత్రం మా ఇంటికి రాలేదు. ఇప్పటికీ తొలకరికి దున్నిన చెలకను చూస్తే నాకు ఆశ పుడుతుంది. దాచుకోవలసిన సంగతేమీ కాదు.

కోర్టు ఒక అడ్వకేట్ కమిషనర్‌ను వేసింది. అంటే కోర్టు తరఫున స్థలానికి వచ్చి, చూసింది రాసి ఇచ్చే వకీలు. ఆయన వచ్చే ముందు రోజు లచ్చమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"నంబరు రాయి పాతిండ్రంటే ఇగ భూమి పాయె అనుకున్నం సారూ. ఊరంత పీకినం. నాది నేనే పీకిన. బట్టలుతికే కాడ ఏసుకున్న. నా మీద కేసయితదా?"

ఆమెను తప్పుపట్టలేను. మా వైపు చేనులో నంబరు రాయి కనిపించిందంటే సర్వే అయినట్టు, ఆ వెనకే భూమి కాలువకో చెరువుకో ఫ్యాక్టరీకో పోయినట్టు. దేనితో పీకావని ఊరికే అడిగాను.

"గడ్డపారతోటి. ఒక్క పోటుకే లేచింది."

నాకు నవ్వాగలేదు. చువ్వ మీద పోసిన దిమ్మె జేసీబీకి కూడా లొంగదు. ఈ మాట రేపు కమిషనర్ ముందు చెప్పమన్నాను. జైలుకు పంపుతారేమో అంది. చెప్పకపోతే చెలక ఇట్లాగే పడి ఉంటుందన్నాను. తెల్లవార్లూ ఆలోచించుకుందేమో, పొద్దున దిమ్మెను తానే ఎడ్లబండి మీద వేయించుకుని వచ్చింది.

అందరి ముందూ చెప్పింది. కంపెనీ వకీలు ముఖం వెలిగిపోయింది. "ఒప్పుకుంది, రాసుకోండి!" అన్నాడు. నేను దిమ్మెను బోర్లా తిప్పించాను. అడుగు చదునుగా ఉంది, ఎర్రమన్ను అంటి ఉంది. చువ్వ ఆనవాలే లేదు. తర్వాత బరువు కట్టిన టేపును ఆమె చెలకలోని రంధ్రంలో వదిలాను. ఎక్కడా సిమెంటు తగల్లేదు, నీళ్ల చప్పుడు వినిపించేదాకా దిగింది. ఆ తర్వాత కంపెనీ వకీలుగారు ఫోనులో ఏదో చూసుకోవడం మొదలుపెట్టారు.

తీర్పు మాకే వచ్చింది. కంపెనీ పై కోర్టుకు పోయి స్టే తెచ్చుకుంది. వానలు వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి. లచ్చమ్మ ప్రతి తొలకరికీ ఫోను చేసేది. "ఈసారన్న అయితదా సారూ?" అనేది. కోర్టులో ఉందమ్మా అనేవాణ్ణి.

నేను రిటైరయ్యే ఏడు స్టే తొలగింది. రంధ్రాలు సక్రమంగా మూశారు, నేనే దగ్గరుండి చూశాను. గుంతలు పూడ్చారు. అయితే చెలక పైమన్నును కంపెనీ అప్పుడెప్పుడో బోరు యంత్రం పోవడానికి బాటగా పరిచేసింది. అది సున్నపుపొడితో కలిసి గట్టిపడిపోయింది. దాని బదులు ఎక్కడిదో మొరం, సారం లేని రాళ్ల మన్ను, తెచ్చి చదును చేశారు. తీర్పులో "చదును చేయవలెను" అనే ఉంది. ఉత్తర్వు అమలైందని ఫైలు మూసేశారు.

లచ్చమ్మ నాగలి కట్టించింది, కంది వేసింది. చూడ్డానికి పోయాను. జానెడు లేచి, పసుపు రంగుకు తిరిగి, ఆగిపోయింది. ఆమె పిడికెడు మన్ను తీసి నా చేతిలో పోసింది.

"కేసు గెల్చినం గద సారూ. మరి నా మన్నేది?"

రిటైరయి హైదరాబాదులో ఉంటున్నాను. తొలి వాన పడిందంటే నా ప్రాణం ఆ గట్టు మీదికే పోతుంది.

కొత్తగా శాఖలో చేరినవాళ్లు అడిగితే ఒకటే చెబుతాను. రంధ్రం మూశారా లేదా అన్నది చివర చూడొచ్చు. యంత్రం చేనులో దిగేరోజే అక్కడ నిలబడి, పైమన్నును వేరుగా కుప్ప పోయించండి. ఆ రోజు దాటితే దాన్ని తిరిగి ఇప్పించగల కోర్టు లేదు.