వాక్యూమ్ వెనుక పట్టిన తడి తువ్వాల

2023 ఎండాకాలం. గోదావరిఖని మార్కెట్లో ఇంటి సామాన్ల దుకాణం నాది. కుక్కలు, పిల్లులు తిరిగే ఇండ్లకు ఏ చేతి వాక్యూమ్ పనికొస్తదో ఈ బొగ్గు బెల్టులో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. వెంట్రుక ఒకటి వేళ్ల మధ్య నలిపి చూస్తే చాలు, ఏ మిషన్ కావాలో చెప్పేస్తాను. రాజవ్వ వాళ్ల కుక్క టైగర్ ఇల్లు విడవకుండా ఉన్నదంటే నా చలవే.

రాజవ్వ భర్త బొగ్గు బాయిలో పని చేసి రిటైరయ్యాడు. ఇద్దరూ, ఒక కుక్క. ఆ రోజు ఆమె ఆయాసపడుతూ వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"అన్నా, నాకు దమ్ము రోగమున్నది. బొచ్చున్న ఇంట్ల ఉండొద్దన్నడు డాక్టరు. ఆదివారం మా తమ్ముడొచ్చి టైగర్‌ను వాళ్లూరు కమాన్‌పూర్ తోలుకపోతడట."

"మరి పంపియ్యరాదా చెల్లే?"

"మా ఆయన గూడ పంపుమనే అన్నడు. గానీ ఆ మాట అన్నకాడి నుంచి తన కంచంల సగం బువ్వ దానికే పెడుతున్నడు. మంచి మిషనుంటే చూపియ్యి."

సంచిలోంచి కుక్క పండే దుప్పటి తీసి కౌంటర్ మీద పరిచింది. "నీ నున్నటి బండల మీద గాదు, దీని మీద చూపియ్యి."

అన్నింట్లోకి పెద్ద మిషన్ అందుకున్నాను. సక్షన్, అంటే పీల్చే బలం, దానికే ఎక్కువ. బొచ్చు మాయమైంది. "చూసినవా!" అన్నాను.

ఆమె బొచ్చు వైపే చూడలేదు. సంచిలోంచే తెల్ల తువ్వాల తీసి, నా నీళ్ల సీసాతో తడిపి మిషన్ వెనుక, గాలి బయటికొచ్చే ఎగ్జాస్ట్ దగ్గర పట్టింది. తువ్వాల మీద నల్లటి మచ్చ. ఓపెన్‌కాస్ట్ గని దుమ్ముకు కిటికీలకు తడిగుడ్డలు కట్టుకునే ఇల్లు వాళ్లది.

"ముంగట గుంజి ఎనుక ఊదుతున్నది. గిది మిషనా, మా మరిది చుట్టనా?"

ఇక్కడ ఒప్పుకోవాలి. అప్పటిదాకా నేను అమ్మినవన్నీ కారు సీట్లు ఊడ్చుకునేవే. మిషన్ వెనుక ఏముంటదో నేనెన్నడూ చూడలేదు. ఆ పెద్దది ఎవరూ కొనక షెల్ఫులో పడున్నది, అందుకే ముందు దించాను.

రెండోదాని బ్రష్షుకు బొచ్చు దారంలా చుట్టుకుంది. మూడోది చిన్నది. సన్న దుమ్మును కూడా ఆపే హెపా ఫిల్టర్, కడిగి ఆరబెట్టుకునే రకం. సక్షన్ తక్కువే, ఒక్కచోటే రెండుసార్లు లాగాలి. కానీ తువ్వాల రెండో కొస తడిపి పడితే తెల్లగానే ఉంది. బొచ్చు చేరే కప్పు విప్పగానే మాత్రం దుమ్ము లేచి ఆమెకు దగ్గొచ్చింది.

"గిది నేను విప్పొద్దు. ఆయననే ఆకిట్ల విప్పాలె," అంది రాజవ్వ, కొంగుతో ముక్కు మూసుకుని.

ఆ చిన్నదే కొనుక్కపోయింది. టైగర్ కమాన్‌పూర్ పోలేదు. ఇప్పుడు పెంపుడు జంతువుల వాళ్లెవరొచ్చినా వాళ్ల దుప్పటే తెమ్మంటాను, ముందుగాల మిషన్ వెనుక తడి తువ్వాల పడతాను. ఇన్నేండ్లు మిషన్ ముందు నిలబడి అమ్మినవాణ్ణి, వెనక్కి పోయి చూసుడు ఆమె దగ్గర నేర్చుకున్నాను.

మొన్న రాజవ్వ కొత్త ఫిల్టర్ కోసం వస్తే, నేను రాసిన ఇదంతా చదివి వినిపించాను. టైగర్ దుకాణం గడప దగ్గర పండుకుని ఉంది. "ఎట్లున్నది చెల్లే?"

"సగం అబద్ధం. టైగర్‌ను ఇంట్ల నిలబెట్టింది నువ్వూ గాదు, నీ మిషనూ గాదు. మా ఆయన, బాయిల దిగినన్ని రోజులు ఇంట్ల చీపురు ముట్టని మనిషి, పొద్దుగాల లేవంగనే దుప్పట్లు గుంజి, కప్పు ఆకిట్ల దులిపి, ఫిల్టర్ కడిగి దండెం మీద ఆరేస్తున్నడు. ఆయన పేరే రాయకపోతివి. పోశం. రాసుకో."