నా చిప్పు మీద నేనే చెప్పిన చాడీలు

రెండేళ్ల ఎంటెక్కును పది నిమిషాల్లో ఎట్లా కూలగొట్టుకోవచ్చో నాకు బాగా తెలుసు. సొంత అనుభవం. బయటివాళ్ల సాయం పెద్దగా అవసరం రాలేదు.

2000ల చివర్లో, అనంతపురంలో. నా ప్రాజెక్టు చిప్పుల గుర్తింపు. ఒకే ఫ్యాక్టరీలో, ఒకే నమూనాలో చేసిన చిప్పులైనా లోపలి తీగల్లో కరెంటు పరిగెత్తే వేగంలో వెంట్రుకవాసి తేడాలుంటాయి. తయారుచేసినవాడు కూడా ఆ తేడాను ఇంకో చిప్పులోకి దింపలేడు. అందుకే కరెంటు సంకేతంతో ఒకే ప్రశ్న వేసినా ఏ చిప్పు జవాబు దానిదే. మా ఊరు కంబదూరులో మా నాయనకు ఇదంతా వివరిస్తే, "దీనికి కాలేజీ యాలరా? మంద నిండా గొర్రెలున్నా దేని మొగం దానిదే కదా!" అన్నాడు. నేను మూడు నెలల్లో అర్థం చేసుకున్నది అది.

నా దగ్గర తలా ఒక చిప్పు బిగించిన, కవలల్లాంటి బోర్డులు రెండు. ఒకటో బోర్డు చిప్పు జవాబులే కంప్యూటరులో దాచినాను. అది తగిలిస్తే తెరమీద 'అసలు' అని, రెండోది తగిలిస్తే 'నకిలీ' అని రావాలి. చిప్పులకు పేరుచీటీలు అక్కర్లేదని అరవై పేజీలు రాసిన నేను, వాటిమీద ఒకటి, రెండు అని చీటీలు అంటించుకున్నాను. నాకు గుర్తుండాలి కదండీ!

వైవా పొద్దున రూమ్మేటు ఓబులేసు ఊదుబత్తీలతో దిగినాడు.

"బోర్డులకు పూజ చేయకుండానే పోతాండావా? బుద్ధుండాదా నీకు?"

నేను హేతువాదిని. వైవా రోజుల్లో తప్ప. చీటీలు పీకి, నల్లటి చిప్పుల నడిమధ్య కుంకుమ బొట్లు పెట్టి, చీటీలు మళ్లీ అంటించినాను. ఏది దేనికి అంటించినానో చూసుకోలేదు. భక్తిలో ఉన్నాను.

ఎగ్జామినరు వేరే ఊరి కాలేజీ నుంచి వచ్చినా యాస మాత్రం మాదే. ఆయన ముందు ఒకటో బోర్డు తగిలించినాను. తెరమీద 'నకిలీ'. పీకి మళ్లీ తగిలించినాను. 'నకిలీ'.

"ఏమప్పా, ఏమంటాంది నీ చిప్పు?"

"తప్పు చెబుతోంది సార్."

"యాల?"

"ఎండ సార్. వేడికి తీగల వేగం మారుతుంది."

"అంటే అనంతపురంలో పనిచేయదా?"

"డిసెంబరులో చేస్తుంది సార్."

"ఇంకా?"

"ఓల్టేజి సార్. పైగా చిప్పు కూడా చౌకరకం."

ఆయన శ్రద్ధగా రాసుకుంటున్నాడు. నా మాట అంత శ్రద్ధగా విన్న మనిషి అంతకుముందు లేడు. ఆ ఉత్సాహంలో, పగవాడికి కూడా తోచని లోపాలన్నీ ఏకరువు పెట్టి, "నిజానికి సార్, ఈ పద్ధతినే నమ్మలేం" అని ముగించినాను. డిగ్రీ గుమ్మం దాటి పోతూ ఉండటం నాకు కనబడుతూనే ఉంది. నోరు ఆగలేదు.

"ఆ రెండోది పెట్టు, చూద్దాం."

"అది నకిలీ సార్."

"పెట్టప్పా!"

పెట్టినాను. తెరమీద పచ్చటి అక్షరాలతో 'అసలు'.

ఆయన రెండు బోర్డులూ తిప్పి చూసి, వేలికంటిన కుంకుమను కాగితానికి తుడుచుకున్నాడు.

"చీటీలు ఎవరంటించినారు?"

"నేనే సార్. పూజప్పుడు."

"మూడుసార్లు అడిగితే మూడుసార్లూ చిప్పు నిజమే చెప్పింది. దానిమీద దొంగసాక్ష్యం చెప్పింది నువ్వు. ప్రాజెక్టు పాసప్పా. డిగ్రీ ఎవరి పేరుమీద రాయమంటావు? నీదా, దానిదా?"

ఆనాడే ప్రమాణం చేసినాను: ఇకమీదట ఏ యంత్రం నాతో విభేదించినా, ముందు లేచి నిలబడి "తమరు చెప్పిందే నిజం" అంటాను. కారణాలు వెతకడం ఆ తర్వాతే.