కుడివైపు ఒక్కటే చోటు

ఆ రోజుల్లో నాకు కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు. మా అశోక్‌నగర్ వీధిలో నా ఈడువాళ్ళంతా కోచింగ్ సెంటర్ల మెట్ల మీద కూర్చుని కరెంట్ అఫైర్స్ బట్టీ పడుతుంటే, నేను చిక్కడపల్లిలో ఒక స్వీటు షాపు పైనున్న ఫుట్‌బాల్ క్లబ్బు ఆఫీసులో టీం మేనేజర్‌గా చేరాను. మేనేజర్ అంటే ఏదో పెద్ద పదవి అనుకునేరు. ఆటగాళ్ళకు బస్సు మాట్లాడటం, మేజోళ్ళు ఉతికించడం, క్లబ్బు యజమాని సేఠ్‌గారి మాటలు కోచ్‌గారికీ, కోచ్‌గారి మాటలు సేఠ్‌గారికీ మోయడం, ఇదీ నా పని. (వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశారు. ఎందుకని అడిగితే ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూసేవారు.) కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా అమ్మకు ఆటగాళ్ళకు జీతాలుంటాయంటే నమ్మబుద్ధి కాలేదు. "బంతి తన్నినందుకు నెలనెలా ఇస్తారటే? సరేలే, ముందు నీకు పీఎఫ్ ఉందో లేదో కనుక్కో" అనేది.

సీజన్ మొదలవబోతోంది. జట్టులో ఇంకొక్క చోటే మిగిలింది. కుడివైపు వెనక నిలబడి ఎదుటివాళ్ళను ఆపే ఆటగాడిది. దానికి ఇద్దరున్నారు. ఒకాయన చాచా. జట్టులో అందరికన్నా పెద్ద, నారాయణగూడలో ఇల్లు. మోకాళ్ళకు పట్టీలు చుట్టుకుని ఆయన లేచేసరికి మిగతావాళ్ళు మైదానం చుట్టి వచ్చేవారు. చాచా పరిగెత్తగా చూసినవాళ్ళు తక్కువ. బంతి ఎక్కడికి రాబోతోందో అక్కడ ముందే నిలబడి ఉండేవాడు. రెండోవాడు రాకెట్, పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి బిల్డింగ్ పనులు చేసుకునే అమ్మానాన్నలతో దోమలగూడ బస్తీలో ఉండేవాడు. వాడు ఎంత వేగంగా పరిగెత్తేవాడంటే ఒక్కోసారి బంతిని వెనకే మరిచిపోయి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు పొద్దున్నే సేఠ్‌గారు నన్ను పిలిచి, "చాచాకు సలాం చెప్పి పంపియ్యమ్మా. పబ్లిక్‌కు కొత్త మొకాలు కావాలె" అన్నారు. బయటికి రాగానే కోచ్‌గారు ఆపి, "పోరన్ని ఇంకో ఏడాది ఆగమను. అనుభవం లేకుంటే మ్యాచ్‌ల పరేషాన్ అయితది" అన్నారు. ఇద్దరూ చివర్లో ఒకే మాట అన్నారు: "నువ్వయితే మంచిగ చెప్తవ్." సేఠ్ మాట కోచ్‌కు చెబితే ఆయన రాజీనామా చేస్తాడు. కోచ్ మాట సేఠ్‌కు చెబితే అందరి జీతాలూ ఆగుతాయి. నాకు కూర్చుంటే లేవాలనీ, లేస్తే కూర్చోవాలనీ అనిపించింది. మధ్యాహ్నం ఇంటికెళ్ళి అమ్మకు చెబితే, "ఆ ఆటగాళ్ళిద్దరికీ చెప్పెయ్, నువ్వు మాట వినలేదని ఎవరూ అనరు" అంది, పప్పు వడ్డిస్తూ. అంత గొప్ప సలహా దొరికాక ఇంక ఆలోచించడమెందుకని నేనూ అనుకున్నాను.

ముందు నారాయణగూడలో ఇరానీ హోటల్లో చాచాతో, తరువాత చిక్కడపల్లిలో రాకెట్‌తో మాట్లాడాలని నా పథకం. చాచా స్కూటర్ మీద వచ్చాడు. వెనక సీటు మీద రాకెట్. వాణ్ణి రోజూ ప్రాక్టీసుకు తీసుకెళ్ళేదీ దింపేదీ చాచాయేనని మేనేజర్‌నైన నాకు ఆ క్షణం దాకా తెలియదు. ఇద్దరూ నా ఎదురుగా కూర్చున్నారు. నేను చెప్పులోంచి పాదం తీస్తూ, పెడుతూ, వర్షాల గురించి మాట్లాడాను. తరువాత మెట్రో పనుల గురించి మాట్లాడాను. చివరికి చాచా, "ఏందో చెప్పుండ్రి మేడం, మీ టెన్షన్ జూస్తే నాకు బీపీ లేస్తుంది" అన్నాడు. నేను కళ్ళు మూసుకుని, "మీ ఇద్దర్నీ తీసేశారు" అన్నాను.

రాకెట్ చేతిలోని బిస్కెట్ చాయ్‌లో పడిపోయింది. "మా నాయిన మేస్త్రికి చెప్పిండు, మావోడు ఇగ పనికి రాడని. ఇప్పుడు ఏమని చెప్పాలె?" అన్నాడు, నాతో కాదు, కప్పుతో. చాచా ప్రతి ఏడాదీ 'ఇదే లాస్ట్ సీజన్' అని అందరికీ చెప్పుకునే మనిషి, సంతోషిస్తాడేమో అని నాలో చిన్న ఆశ ఉండేది. ఆయన మొహం ఎర్రబడింది. "లాస్ట్ అని నేను చెప్పాలె మేడం. వేరేటోళ్ళు చెప్తే ఎట్ల?" అన్నాడు. తరువాత ఆయనే మెల్లగా, "సరే, ఇద్దర్ని తీస్తే కుడిదిక్కు ఎవరు ఆడుతరు? మీరా?" అని అడిగాడు.

చాయ్ డబ్బులు బల్ల మీద పెట్టాను. లేచి, ఆటో కోసం కూడా ఆగకుండా, చిక్కడపల్లి దాకా దాదాపు పరిగెత్తాను. ఆఫీసులో సేఠ్‌గారు ఒక గదిలో, కోచ్‌గారు పక్క గదిలో ఉన్నారు. రెండు గుమ్మాల మధ్యా నిలబడి, ఆయాసపడుతూనే గొంతు పెంచి, "కోచ్‌గారూ, మీరన్నట్టే రాకెట్‌కు చెప్పేశాను. సేఠ్‌గారూ, మీరన్నట్టే చాచాకు చెప్పేశాను. ఇప్పుడు కుడివైపు మనకు ఎవరూ లేరు" అన్నాను. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. కింద స్వీటు షాపులో బూందీ దూస్తున్న చప్పుడు వినిపించింది. అప్పుడు కోచ్‌గారు కుర్చీ జరిపి, గుమ్మంలోకొచ్చి, "ఈమె ఏమంటుంది సేఠ్?" అన్నారు. నేను చేరాక ఆయన సేఠ్‌గారితో నేరుగా అన్న మొదటి మాట అదే.

వాళ్ళు చాలాసేపు అరుచుకున్నారు, తరువాత జిలేబీ తెప్పించుకున్నారు. మొదటి సగం చాచా, రెండో సగం రాకెట్ అని తేలింది. మరి ఒక చోటు ఖాళీ కావాలిగా? ఎన్నడూ బంతి పట్టుకున్న పాపాన పోని మూడో గోల్‌కీపర్‌ను తీసేశారు. ఆయన సేఠ్‌గారి బామ్మర్ది. (ఆయనకు చెప్పాల్సింది ఎవరో మీరు ఊహించే ఉంటారు.) ఆయన నా చేతులు పట్టుకుని, "బతికించినవక్కా. మా అక్కకు గూడ నువ్వే చెప్పు" అన్నాడు.

ఆ సీజన్ సాఫీగా సాగిందని చెప్పను. సగం ఆట అయ్యాక ఒడ్డున నిలబడి నేను చాచా నంబరున్న బోర్డు ఎత్తితే, ఆయన ఆకాశంలో గద్దను వెతుకుతున్నట్టు తల ఎత్తేవాడు. రాకెట్ గీత పక్కన గంతులేస్తూ నా వైపు జాలిగా చూసేవాడు. ఎలాగో బయటికొచ్చాక చాచా ఊరుకునేవాడా? "ఉరకకురా, నిలవడు, నిలవడు" అని ఆట అయ్యేదాకా గొంతు చించుకునేవాడు. నెలలు గడిచేకొద్దీ రాకెట్ నిజంగానే నిలబడటం నేర్చుకున్నాడు. ఆఖరి మ్యాచ్‌లో సగం కాకముందే, ఎవరూ బోర్డు ఎత్తకముందే చాచా చెయ్యెత్తి, తనంతట తనే నడిచి వచ్చేశాడు. నా పక్కన కూర్చుని మోకాళ్ళ పట్టీలు విప్పుకుంటూ, "ఇగ చాలు మేడం" అన్నాడు.

ఇప్పుడు బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. ఎవరినైనా తీసేయాల్సి వస్తే ఆ మాట చెప్పేది నేనే. చాలా మంచిగా చెప్తానని పేరు కూడా వచ్చింది. ఆ రోజు ఇద్దరు ఆటగాళ్ళ ఎదుట నోరు పెగలక వర్షాల గురించి మాట్లాడిన ఆ అమ్మాయి ఇవాళ ఇంటర్వ్యూకు వస్తే ఉద్యోగం ఇస్తానా అని ఒక్కోసారి అనుకుంటాను. ఇవ్వనేమో. ఆ మాట ఆమెకు చెప్పడానికి మాత్రం నాకు నోరు రాదు.