నాన్నని బాబాయి అనే ఇల్లు

ఇంటర్ పూర్తయ్యేదాకా నాన్నని బాబాయి అని పిలవడం నాకు వింతగా తోచలేదు. మా పెదనాన్నకి ఇద్దరు కొడుకులు. నేను పుట్టేసరికే వాళ్ళు మా నాన్నని బాబాయ్ అని, అమ్మని పిన్నీ అని ఇల్లు ఎగిరిపోయేలా పిలుస్తూ తిరుగుతున్నారు. వాళ్ళ వెనకాల పాకుతూ మాటలు నేర్చుకున్నదాన్ని, నాకూ అవే మాటలు వచ్చాయి. వాళ్ళు నాన్నగారూ అనే పెదనాన్న నాకూ నాన్నగారే. వాళ్ళమ్మ నాకూ అమ్మే. నన్ను కన్న తల్లి మాత్రం పిన్ని. ముద్దుగా ఉందని అందరూ ఊరుకున్నారట, ఆ తరువాత దిద్దడం మర్చిపోయారట. చదివేవాళ్ళు తికమకపడకుండా ఇక్కడ మాత్రం నాన్నని నాన్న అనే రాస్తున్నాను. రాయడం తేలికే, పిలవడమే కష్టం.

మాది అమలాపురానికి ఆటో దూరంలో ఉన్న ఊరు. ఒకే కప్పు, రెండు వంటిళ్ళు. పెదనాన్న ప్రభుత్వ బడిలో మేష్టారు. నాన్నది కొబ్బరికాయల ఒలుపు. నేలలో పాతిన గునపానికి కాయ గుచ్చి, మెలితిప్పి, పీచు ఊడదీసే పని. తాతగారు కూలికి వెళ్ళి ఇద్దరిలో ఒక్కరినే చదివించగలిగారు. ఆ ఒక్కరూ ఎవరని ఎలా తేలిందో తెలుసుకోవాలని నాకు చిన్నప్పటినుంచీ ఒకటే ఆరాటం. నాన్నని అడిగితే, "నాకు లెక్కలొచ్చేవి కాదమ్మా, ఆయ్" అన్నాడు. పెదనాన్నని అడిగితే, "లెక్కలు వాడికే బాగా వచ్చేవమ్మా" అన్నారు. ఇద్దరిలో ఎవరో అబద్ధం ఆడారు. ఎవరో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

కౌన్సెలింగ్‌లో నాకు కాకినాడలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తేనే చేరడం, రాకపోతే సీటు వదులుకోవడం. ఇందులో మూడో దారి లేదు. పెదనాన్న అప్పటికే ఇద్దరు కొడుకుల చదువులకి అప్పులో ఉన్నారు, నాన్న ఒలుపు కూలి ఏమూలకీ రాదు. అందుకని దరఖాస్తు పెట్టడానికి నేనూ నాన్నా మా ఊరి సచివాలయానికి వెళ్ళాం. కంప్యూటర్ ముందున్న మేడం నా ఆధార్ నంబరు కొట్టి, కాసేపు చూసి, తల అడ్డంగా ఊపింది.

"ఈ అమ్మాయికి రాదండి. తండ్రి గవర్నమెంటు ఉద్యోగి అని చూపిస్తోంది."

నాన్న వెనక్కి తిరిగి చూశాడు, వేరే ఎవరి గురించో చెబుతోందనుకుని.

"మీరేమవుతారండి?" అని అడిగిందావిడ.

నాన్న నోరు తెరిచేలోపే, "బాబాయండి" అన్నాను నేను.

"బాబాయిగారొస్తే ఎలాగమ్మా? నాన్నగారిని తీసుకురావాలి."

"నాన్నని నేనేనండి" అన్నాడు నాన్న.

"ఇప్పుడేగా అండీ బాబాయన్నారు?"

"ఆయ్. బాబాయినీ నేనేనండి. కన్నదీ నేనేనండి."

వెనకాల వరసలో ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. నేనూ నవ్వేశాను. నాన్న నవ్వడం లేదని కాస్త ఆలస్యంగా చూశాను.

ఒకసారి చూపిస్తారా అండీ అని అడిగితే మేడం స్క్రీన్ నావైపు తిప్పింది. పెదనాన్న, పెద్దమ్మ, ఇద్దరన్నయ్యలు, వాళ్ళ కింద నేను. నా పేరు పక్కన కుమార్తె అని ఉంది. నాన్నా అమ్మా ఇంకో కుటుంబం. అందులో ఇద్దరే మనుషులు, పిల్లలు లేరు. మా ఇల్లు బయటివాళ్ళకి ఇలా కనిపిస్తుందా అని మొదట ఆశ్చర్యంగా చూస్తూ ఉండిపోయాను. పిల్లలు లేని ఆ కుటుంబం నాన్న కూడా చూస్తున్నాడని గుర్తొచ్చాక ఇక చూడలేకపోయాను.

ఎలా జరిగిందో దారిలో ఆలోచిస్తూ ఉంటే తెలిసిపోయింది. నేను హైస్కూల్లో ఉండగా కుటుంబాల సర్వేకని పక్కవీధి అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చింది. అరుగు మీద నేనొక్కదాన్నే ఉన్నాను. నాన్నగారేరీ అంటే బడికెళ్ళేరన్నాను. అమ్మగారేరీ అంటే లోపలున్నారన్నాను. పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి వేలిముద్ర వేసింది. "మీ అమ్మాయేనా అండీ?" అంటే, "మా అమ్మాయేనమ్మా" అంది. ఇంకేమంటుంది? ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ తప్పు రాయలేదు.

ఆధార్‌లో తండ్రి పేరు సరిగ్గానే ఉంది. కానీ ఉద్యోగం ఉన్న ఇంట్లోంచి పిల్లని ఉద్యోగం లేని ఇంట్లోకి మార్చాలంటే విచారణ జరగాలని సచివాలయంలో అన్నారు. సాయం కోసం కన్నపిల్లల్ని తమ్ముళ్ళ పిల్లలుగా చూపించేవాళ్ళు కూడా ఉంటారట. వీఆర్వో గారు ఇంటికి వచ్చి చూసి, నిజమని రాస్తేనే నా దరఖాస్తు కదులుతుంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెద్దమ్మ నన్ను కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది. "ఆయనడిగితే తడుముకోకూడదే. అను. నాన్నా అను." నాన్న ఎదురుగానే అన్నం తింటున్నాడు. పిలుద్దామని చూస్తే నవ్వొస్తోంది, సిగ్గేస్తోంది. "బాబాయిని దత్తత తీసుకుంటున్నావేంటే!" అని చిన్నన్నయ్య ఏడిపించాడు. నాన్న తల వంచుకుని అన్నం తినేసి లేచి వెళ్ళిపోయాడు. వెనకాలే పెరట్లోకి వెళ్ళి, "నాన్నా అని పిలిపించుకోవాలని నీకెప్పుడూ అనిపించలేదా?" అని అడిగాను. "ఏమనిపించాలమ్మా?" అని చేతులు కడుక్కున్నాడు. అది జవాబో, మాట తప్పించడమో నాకు అర్థం కాలేదు.

వీఆర్వో గారు ఓ సాయంత్రం వచ్చారు. ముందు చుట్టుపక్కల వాళ్ళని విచారించి, తరువాత మా అరుగు మీద కుర్చీలో కూర్చున్నారు. పక్క కుర్చీలో పెదనాన్న. నాన్న కాస్త దూరంలో, ఇంటి పక్క పెరట్లో, కాయలు ఒలుస్తున్నాడు. ఆయన కాగితాలన్నీ చూసి, కళ్ళజోడు తీసి, నాతో మామూలుగానే అన్నారు.

"మీ నాన్నగారిని ఓసారి పిలువమ్మా."

నేను పెరటివైపు తిరిగి, ధైర్యం కూడదీసుకుని, "నాన్నా!" అని గట్టిగా పిలిచాను.

"ఏమ్మా?" అన్నారు పక్కనున్న పెదనాన్న.

నాన్న తల ఎత్తలేదు. ఇంకో కాయ తీసి గునపానికి గుచ్చాడు.

వీఆర్వో గారు నన్ను చూశారు, పెదనాన్నని చూశారు, పెన్ను మూత పెట్టేశారు. "ఏంటండి మేష్టారూ ఇది?" అన్నారు. సీటు పోయిందనే అనుకున్నాను. నాన్నా అని మళ్ళీ పిలిచాను, ఈసారీ పలకలేదు. ఇక ఏడుపు ఆపుకోలేక "బాబాయ్!" అని అరిచాను. చేతిలో కాయ అక్కడే పడేసి, "వస్తున్నానమ్మా" అంటూ పరుగెత్తుకొచ్చాడు.

అప్పుడు పెదనాన్న లేచి నిలబడ్డారు. "ఈ అమ్మాయి నా కూతురు కాదండి. మా తమ్ముడి కూతురు. మా పిల్లలు పిలిచినట్టు పిలవడం అలవాటైపోయింది. రాసుకోండి." బడిలో హాజరు పిలిచే గొంతుతో అన్నారు. లోపల గుమ్మం దగ్గర నిలబడ్డ పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వీఆర్వో గారు పకపకా నవ్వారు. "నా పెళ్ళయ్యేదాకా మా అమ్మని నేను వదినా అనేవోణ్ణండి. మా బాబాయిలని చూసి" అన్నారు. "అయినా నా మాట చాలదండి. మీరు రాసి సంతకం పెట్టాలి." పెదనాన్న కాగితం ఒళ్ళో పెట్టుకుని, ఈమె నా కుమార్తె కాదు అని రాశారు. ఆయన దస్తూరి ఎప్పుడూ ముత్యాల్లా ఉంటుంది. ఆ వాక్యం దగ్గర అక్షరాలు కాస్త పక్కకి ఒరిగాయి.

తరువాత మార్పు జరిగింది, ఫీజు మంజూరైంది, నేను కాకినాడలో చేరాను. కానీ నాకు బాగా గుర్తున్నది ఆ సాయంత్రమే. వీఆర్వో గారి బండి వీధి దాటగానే నాన్న నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా, "ఇందాక నాన్నా అన్నది నన్నేనామ్మా?" అని అడిగాడు. నిన్నే అన్నాను. "ఆయ్" అని, వెళ్ళి మళ్ళీ ఒలుపు మొదలుపెట్టాడు.

ఇకనుంచి ఎవరిని ఏమనాలో అదే అనాలని నాకు నేనే గట్టిగా చెప్పుకుని, టీ గ్లాసు పట్టుకుని అరుగు మీదికి వెళ్ళాను. "టీ తీసుకోండి, పెదనాన్నగారూ" అన్నాను. పెదనాన్న చెయ్యి చాపలేదు. వీధివైపే చూస్తూ, "ఆఫీసరుగారు వెళ్ళిపోయేరు కదమ్మా" అన్నారు.

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. "టీ, నాన్నగారూ" అన్నాను.

ఆయన గ్లాసు అందుకున్నారు. పెరట్లో నాన్న కూడా తల ఎత్తి చూశాడు.