ఒక పక్క బరువు

దైవాశీర్వాదం గారికి లోకంలో ఒకే ఒక్క పాపం కనబడేది. అది ఒక పక్క బరువుండటం. మిగతా పాపాల సంగతి చర్చి అయ్యగారు చూసుకుంటారని ఆయన ధీమా.

చేతికి ఏది వచ్చినా ముందు చూపుడువేలి మీద నిలబెట్టేవారు. చపాతీ ఇస్తే చపాతీ, గరిటె ఇస్తే గరిటె. ఒకసారి బాప్తిస్మానికి తెచ్చిన పసివాణ్ణి ముద్దుగా ఎత్తుకుని, రెండు అరచేతుల మీదా పడుకోబెట్టి, కాసేపు కళ్లు మూసుకుని, "తల పక్క బరువుంది" అన్నారు.

"పిల్లలందరికీ అంతేనండి" అంది తల్లి, బిడ్డను లాక్కుంటూ.

"అదే కదమ్మా చిక్కు" అన్నారాయన విచారంగా.

ఆదివారం మధ్యాహ్నాలు తెలుగు ఆరాధన జరిగేది. అయిపోగానే గుమ్మం దగ్గర అయ్యగారిని పట్టుకునేవారు. "మొదటి పాయింటు ఇరవై నిమిషాలు చెప్పారు. రెండోది ఆరు నిమిషాలు. మూడోదానికి వచ్చేసరికి ప్రార్థన చేసుకుందాం అన్నారు. అదే ఇంజనైతే ఊగిపోయేదండీ." ఆయన తలుపు దగ్గర నిలబడితే అయ్యగారు వంటింటి గుండా వెళ్లిపోవడం మొదలుపెట్టారు. ఒకరి అంత్యక్రియల్లో అయితే, పెట్టె మోసేవాళ్లను ఆపి, పొడుగూ పొట్టీ చూసి వరస మార్చారు. "ఇట్లా మోస్తే పోయినాయన కాళ్లవైపు జారిపోతాడు" అన్నారు. ఏడుస్తున్న వాళ్లంతా ఏడుపు ఆపి తమ ఎత్తులు చూసుకున్నారు.

ఇవన్నీ గోడవారగా నిలబడి చూసేది లూసీ. ఆయన భార్య వసంతకుమారికి మేనకోడలు. రేపల్లెలో తొమ్మిదో తరగతి సగంలో ఉండగా తండ్రి మంచాన పడితే బడి మానేసింది. ఇరవయ్యో ఏట, నడుం నొప్పితో ఉన్న మేనత్తకు సాయంగా అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చింది. ఆరాధన అయ్యాక ఎవరో ఒకరు నవ్వుతూ, "సో, ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగేవారు. లూసీ తన బూట్ల వంక చూసుకునేది. అవీ అత్తయ్యవే, ఒక సైజు పెద్దవి. మంచుకాలంలో ఆమెకు చలి కన్నా ఆ ప్రశ్నంటేనే ఎక్కువ భయం.

దైవాశీర్వాదం గారు వారమంతా కార్ల భాగాల ఫ్యాక్టరీలో తిరిగే చక్రాలకు బ్యాలెన్స్ చూసేవారు. మంచు పడిందంటే శనివారాలు గరాజ్‌లో అదే పని, స్నోమొబైల్ క్లచ్‌లకు. మంచు మీద పరిగెత్తే ఆ బండిలో బెల్టును తిప్పే చక్రం, ఈ క్లచ్, నిమిషానికి ఎనిమిది వేల చుట్లు తిరుగుతుంది. అందులో ఒక పక్క చిటికెడు బరువు ఎక్కువున్నా బండి వణుకుతుంది, వణికి వణికి ఇరుసు విరుగుతుంది.

లూసీ చూసి చూసి పని నేర్చుకుంది. రసమట్టం పెట్టి సమంగా బిగించిన రెండు ఇనుప పట్టీల మీద, మధ్యలో కడ్డీ దూర్చి క్లచ్‌ను ఉంచితే, బరువున్న పక్క తనంతట తానే కిందికి వచ్చి ఆగుతుంది. దానికి ఎదురుగా పైన మైనం ముద్ద అంటిస్తూ పోవాలి. ఎటు తిప్పి వదిలినా కదలకుండా నిలిచినప్పుడు ఆ మైనాన్ని తూచి, బరువు పక్కన డ్రిల్‌తో అంత లోహం తీసెయ్యాలి. మూత విప్పాల్సి వస్తే మాత్రం, ముందుగా మూత మీదా, దాని కిందుండే పళ్లెం మీదా పసుపు పెన్సిల్‌తో గీతలు గియ్యాలి. మూత మూడు రకాలుగా కూర్చుంటుంది. బిగించేటప్పుడు గీతా గీతా కలవకపోతే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఆ పని చేస్తున్నంతసేపూ లూసీని ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

చర్చి స్నేహితుడు జయరాజు క్లచ్‌ను దైవాశీర్వాదం గారు ఆమెకే అప్పగించారు. "మొత్తం నువ్వే చెయ్యి. సరిగ్గా కుదిరితే వచ్చే వారం స్నోమొబైల్ షాపాయనతో నీ పని గురించి మాట్లాడతాను. ఆయనకో మనిషి కావాలి."

గురువారం ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చేలోగా లూసీ పూర్తి చేసింది. ఎటు తిప్పినా నిలిచింది. కానీ దాని ఒళ్లంతా బెల్టు మసి. ఒకరి వస్తువు తీసుకుని మసితో తిరిగి ఇవ్వడమా అని ఆమెకు సిగ్గేసింది. గీతలు గీసి, మూత విప్పి, చింతపండు నానబెట్టి, బిందెలు తోమినట్టు పీచుతో తళతళలాడేలా తోమింది. కడిగి తుడిచాక చూస్తే మసీ లేదు, పసుపు గీతలూ లేవు.

మళ్లీ పట్టీల మీద పెట్టి చూద్దామనుకునేలోపే గరాజ్ ముందు కారు ఆగింది. గబగబా ఏదో ఒక రకంగా మూత పెట్టి బిగించేసింది.

మామయ్యా, జయరాజూ కలిసే లోపలికి వచ్చారు.

"ఇదేంటి బ్రదర్, క్లచ్‌కి పెళ్లి చేస్తున్నారా?" అన్నాడు జయరాజు ఆ మెరుపు చూసి.

లూసీ మామయ్య చూపుడువేలి వంక చూస్తోంది. ఉప్పు డబ్బాను కూడా వదలని మనిషి. ఇప్పుడు పట్టీల మీద పెడతారు, బయటపడుతుంది, అయిపోతుంది అనుకుంది. ఆయన పెట్టలేదు. క్లచ్‌ను అలాగే జయరాజు చేతుల్లో ఉంచారు.

"లూసీ చేసింది. మళ్లీ చూడక్కర్లేదు."

నోరు తెరవాలనుకుంది. ధైర్యం చాలలేదు. "శనివారం పొద్దున్నే బయల్దేరుతున్నాం. మా రేణు నా వెనక కూర్చుంటుందట" అంటూ జయరాజు వెళ్లిపోయాడు. రేణు అతని కూతురు, తొమ్మిదేళ్లది.

శుక్రవారమంతా లూసీ తలెత్తలేదు. శనివారం పొద్దున దైవాశీర్వాదం గారు దోసెను వేలి మీదకు ఎత్తుతుండగా చెప్పేసింది.

"మామయ్యా, గీతలు పోయాయి."

"ఏ గీతలు?"

"పసుపు గీతలు. చింతపండుతో తోమాను."

"క్లచ్‌నా?"

"మసిగా ఉందని."

దోసె పళ్లెంలో పడింది. "మూతెలా పెట్టావు మరి?"

"ఏదో ఒకలా. సరిగ్గానే కూర్చుంది."

"కూర్చుంటుంది. మూడు రకాలుగానూ కూర్చుంటుంది" అన్నారాయన. ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది లూసీకి. లేచి ఫోన్ తీశారు.

"డాడీ డ్రైవ్‌వేలో ఉన్నాడు అంకుల్. ట్రైలర్ టై చేస్తున్నాడు. నేను స్నోసూట్ వేస్కున్నా" అంది రేణు.

"ఒక్కసారి పిలువు తల్లీ." జయరాజు ఫోన్ అందుకోగానే, "జయరాజూ, బయల్దేరకు. క్లచ్ విప్పి పట్రా. మూత నేను తప్పు బిగించాను" అన్నారు.

"మీరా?"

"నేనే."

"సరే, తెస్తాను" అన్నాడు జయరాజు.

ముప్పావుగంటకు జయరాజు క్లచ్‌తో గరాజ్‌లోకి వచ్చాడు, వెనక ఉబ్బిన స్నోసూట్‌లో రేణు. "అయ్యగారి ప్రసంగానికి బ్యాలెన్స్ లేదన్న మనిషి, మూత బిగించడం రాలేదా? రేపు చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాలి బ్రదర్."

దైవాశీర్వాదం గారి చెవులు ఎర్రబడ్డాయి. క్లచ్‌ను పట్టీల మీద పెట్టారు. అది బద్ధకంగా దొర్లి, బరువు పక్క కిందికి చేసుకుని ఆగింది.

జయరాజు నవ్వు ఆపాడు. "వెనక రేణు ఉండేది."

"అవును. తప్పు నాదే."

లూసీ వాషింగ్ మెషిన్ పక్క నుంచి ముందుకొచ్చింది. "మామయ్యది కాదంకుల్. గీతలు చెరిపింది నేను. తెలిసే చెప్పలేదు. మీరు పట్టుకెళ్తుంటే చూస్తూ నిలబడ్డాను."

"తెలుసమ్మా" అన్నాడు జయరాజు.

"నీకెలా తెలుసు?" అన్నారు దైవాశీర్వాదం గారు.

"పదిహేనేళ్లుగా చూస్తున్నాను. తప్పు నాదేనని మీరు ఒప్పుకోవడం ఎప్పుడైనా విన్నానా? ఫోన్‌లో నేనే అనగానే అబద్ధమని తెలిసిపోయింది. అబద్ధమాడటం కూడా చేతకాదు మీకు."

తలుపు దగ్గర వసంతకుమారి నడుం పట్టుకుని నిలబడింది. "అసలు ఆ రోజే ఈయన చూసి ఇస్తే ఈ గొడవుండేదా?"

"జయరాజు ముందు మళ్లీ చూస్తే పిల్ల పని నమ్మనట్టుండదూ?" అన్నారాయన మెల్లగా.

"అందుకా, ఆ వేళ చేతులు ఆగక ఇంట్లో స్పూన్లన్నీ వరసగా వేలి మీద పెట్టారు. నాకేదో జబ్బనుకున్నాను."

లూసీకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దైవాశీర్వాదం గారు స్పానర్ తీసి ఆమె చేతిలో పెట్టారు. "నువ్వే బిగించు. రేపు షాపులో చేరినా నువ్వే బిగించుకోవాలి."

మూత ఒక స్థానం జరిపి బిగించింది. క్లచ్ మళ్లీ దొర్లింది. మరో స్థానం జరిపింది. ఈసారి ఎటు తిప్పి వదిలినా అక్కడే ఆగింది. మేకులాంటి ఉలిమొనా, సుత్తీ ఇచ్చారాయన. మూత మీదొకటీ, పళ్లెం మీదొకటీ, చింతపండుకు లొంగని రెండు చుక్కలు కొట్టింది.

జయరాజు చేతులు చాచాడు. లూసీ అందించబోయింది. దైవాశీర్వాదం గారి చూపుడువేలు లేచింది, జేబులోకి వెళ్లింది, మళ్లీ బయటికొచ్చింది.

"లూసీ, నీకు అభ్యంతరం లేకపోతే, నేనొక్కసారి చూడనా?"

వసంతకుమారి నడుం మీది చెయ్యి తీసేసి ఆయన వంక చూసింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఏది తూచడానికీ ఎవర్నీ అనుమతి అడగలేదు.

లూసీ ఆలోచించింది.

"చూడండి మామయ్యా. కానీ తొందరగా కానివ్వండి, స్నోసూట్‌లో రేణు ఉడికిపోతోంది."