పాలు తాగినా పరగడుపే

పెళ్ళయిన కొత్తలో హిందూపురంలో మా అత్తగారింటికి పోయినప్పుడు, మా అత్త చెంబు నిండా పాలు తెచ్చి నా చేతికిచ్చింది. చిక్కటి బర్రెపాలు, పైన అరచెయ్యంత మీగడ. గుక్క తిప్పుకోకుండా తాగేసి, చెంబు బోర్లించి చూపించినాను. "ఇట్లాంటి అల్లుడు మా వీధిలోనే లేడు" అని ఆమె మూడిండ్ల వాళ్ళని పిలిచి చెప్పుకునింది.

చిక్కపేటలో మా చీరల అంగడికి వచ్చిన గిరాకీలకి, మా కాటన్‌పేట ఇంటికి వచ్చిన చుట్టాలకి, మెట్రోలో పక్కన కూర్చున్నవాళ్ళకి ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినానో. మా ఆవిడ గనక పక్కన ఉంటే, చేతిలో పని ఆపేది కాదు, తల ఎత్తేది కాదు. "చెంబు కాదు, గ్లాసు" అనేది. అంతే.

గ్లాసే. మూడిండ్ల వాళ్ళెవరూ రాలేదు. ఆ పాలకే మరుసటి దినం మధ్యాహ్నం దాకా నా కడుపులో మగ్గం ఆడింది. పాలు నా ఒంటికి పడవని ఆ దినమే తెలిసిపోయింది. పెరుగు పడుతుంది. మజ్జిగైతే కుండ లేపేస్తాను. సరే, రెండు గ్లాసులు. పాలు మాత్రం గ్లాసు దాటితే నేను ఇల్లు దాటలేను.

మా సంసారం యాభై ఏండ్లు ఇట్లనే నడిచింది. ఆమెనడిగితే నలభై ఏడంటుంది. నేను పెంచేది, ఆమె తగ్గించేది. అంగట్లో బేరం కూడా అంతే కదా. మేము చెప్పే ధర ఒకటుంటుంది, గిరాకీ ఇచ్చే ధర ఒకటుంటుంది, రెండింటి నడుమ ఎక్కడో చీర ఉంటుంది. ఆమె తగ్గిస్తుందనే ధైర్యంతోనే నేను పెంచేవాణ్ణి.

రెండేండ్ల కిందట ఆమెకి థైరాయిడ్ తక్కువగా ఉందని రక్తపరీక్షలో తేలింది. మా వీధి చివర క్లినిక్కులో డాక్టరమ్మ చిన్న మాత్ర రాసిచ్చి, "పొద్దున్నే పరగడుపున వేసుకోవాలి, రోజూ" అని చెప్పింది. అప్పటికి అంగడి మా వాడి చేతికి పోయింది. "నాన్నా, నువ్వు గల్లా దగ్గర కూర్చుంటే గిరాకీలు కథలు విని పోతావుండారు, చీర కొనేది లేదు" అని వాడు నన్ను మర్యాదగానే ఇంటికి పంపించినాడు. పని లేని మనిషికి ఒక మాత్ర దొరికింది. దాన్ని నేను గట్టిగా పట్టుకున్నాను. "నీ మాత్ర సంగతి నేను చూసుకుంటా, నువ్వు తలకాయ నొప్పి పెట్టుకోవద్దు" అన్నాను.

ఇంగ్లీషు మందు వేడి చేస్తుందని మా అందరికీ తెలుసు. ఏ మాత్ర వేసుకున్నా వెనకాల మజ్జిగో పాలో పడాల. మా అమ్మ అట్లా చేసింది, మా అత్తా అట్లా చేసింది. మరి పరగడుపు మాటేమిటని ఒక నిమిషం ఆలోచించినాను. మా ఇంట్లో ఏకాదశికి ఉపవాసం ఉంటారు. ఆ దినం అన్నం ముట్టరు, పాలు తాగుతారు. పాలు తాగితే ఉపవాసం చెడినట్టు ఎవరూ అనలేదు. దేవుడి దగ్గర చెడని కడుపు డాక్టరమ్మ దగ్గర చెడుతుందా? పాలు తాగినా పరగడుపే. ఈ తీర్పు నాదే. ఎవర్నీ అడగలేదు. ఇచ్చినప్పుడు చాలా బాగా తోచింది.

ఆ దినం నుంచి గోరువెచ్చని పాలల్లో చిటికెడు పసుపు, కొంచెం బెల్లం వేసి, మాత్ర ఆమె నాలిక మీద పెట్టి గ్లాసు అందించేవాణ్ణి. ఆమె ఎముకలకని రాసిచ్చిన కాల్షియం బిళ్ళ ఇంకొకటి ఉంటే, దాన్నీ అప్పుడే వేయించేవాణ్ణి. రెండుసార్లు ఎందుకు లేపేదని.

మూడు నెలలకి ఆమె మార్చి ఎండల్లో స్వెట్టరు తొడుక్కుంది. మెట్లెక్కి వచ్చి గడపలోనే కూర్చుండిపోయేది. మాట నెమ్మదించింది. కడుపు కదలడం లేదంటే, పాలు ఇంకో అర గ్లాసు పెంచినాను. డాక్టరమ్మ పరీక్ష చేయించి మాత్ర డోసు పెంచింది. తర్వాత ఇంకోసారి పెంచింది. ఆమె డోసు పెంచేకొద్దీ నేను పాలు చిక్కబరుస్తా పోయినాను.

నాకు భయం పుట్టింది మాత్రం రిపోర్టులు చూసి కాదు. బొమ్మసంద్రలో ఫ్యాక్టరీలో పని చేసే మా అక్క కొడుకు ఒక ఆదివారం వచ్చినాడు. వాడి దగ్గర నా అత్తగారింటి పాల సంగతి ఎత్తుకున్నాను. "చెంబెడు తాగినానప్పా" అన్నాను. ఆమె పక్కనే చిక్కుడుకాయలు ఈనె తీస్తావుంది. ఏమీ అనలేదు. వినలేదేమోనని, "ఒకటేమిటి, రెండు చెంబులు" అన్నాను. వాడు వాళ్ళత్త వైపు చూసినాడు. చిక్కుడుకాయ ఆమె చేతిలోనే ఉండిపోయింది, ఆమె గోడకేసి చూస్తావుంది. "మూడో చెంబు కూడా తెచ్చినారు, వదల్లేదు" అన్నాను.

మూడు చెంబులు అట్లనే గది నడుమ నిలబడి ఉండాయి. తీసేవాళ్ళు లేరు.

"అట్లనా మామా" అన్నాడు వాడు, పాపం, నమ్మి. అంత సులభంగా నన్ను నమ్మిన మనిషిని అంతకుముందు చూసి ఎరగను. ఆ దినం నాకు అన్నం సయించలేదు.

మరుసటి వారం మళ్ళీ రిపోర్టు పట్టుకుని పోయినాము. డాక్టరమ్మది కన్నడం, మాది తెలుగు. ఆమె కన్నడంలో అడుగుతుంది, మేము తెలుగులో చెప్తాము, ఇన్నేండ్లలో ఎవరికీ ఇబ్బంది రాలేదు. కాగితం రెండుసార్లు తిప్పి చూసింది.

"ఇంత డోసులో ఇంత చిన్న మనిషికి ఇట్లా ఉండకూడదు అంకల్. ఇది ఇట్లనే పోతే గుండె మీద భారం పడుతుంది. మళ్ళీ పెంచాలి, లేకపోతే పెద్దాసుపత్రికి రాస్తాను. మాత్ర సరిగ్గా వేస్తున్నారా?"

నా పని మీద అనుమానమా అని నాకు రోషం వచ్చింది. "డాక్టరమ్మా, పొద్దున ఐదింటికి లేస్తాను. అర లీటరు చిక్కటి పాలు పావు లీటరయ్యేదాకా కాస్తాను. ఒక చేత్తో మాత్ర, ఒక చేత్తో పాలు. ఒక్క దినం తప్పలేదు. ఇంకే మొగుడన్నా ఇట్లా చేస్తే చెప్పండి."

ఆమె పెన్ను కింద పెట్టింది.

"పాలతోనా?"

"పాలతోనే. మాత్ర వేడి కదమ్మా."

"పరగడుపున అని చెప్పినాను కదా అంకల్."

ఏకాదశి సంగతి విప్పి చెప్పినాను. ఆమె పూర్తిగా విన్నది. నవ్వకుండా వినడానికి కష్టపడిందని తర్వాత తోచింది.

"మా అమ్మ కూడా ఏకాదశి ఉంటుంది. దేవుడి పరగడుపు వేరు, మాత్ర పరగడుపు వేరు. పాలల్లో ఉండే కాల్షియం ఈ మాత్రని కడుపులోనే పట్టేసుకుంటుంది. ఒంట్లోకి సరిగ్గా పోనీదు. కాఫీ అయినా అంతే. వట్టి నీళ్ళతో వేసుకుని, గంటసేపు ఏమీ ముట్టకూడదు."

నాకు వెంటనే అర్థమయింది. మా చిక్కపేట వీధి మొదట్లో బ్రోకర్లు నిలబడి ఉంటారు. మన అంగడినే వెతుక్కుంటా వచ్చే గిరాకీని చెయ్యి పట్టుకుని, "ఇట్లా రాండి మేడమ్" అని పక్క సందులోకి లాక్కుపోతారు. మేము లోపల ఫ్యాను వేసుకుని దోవ చూస్తా ఉంటాము. ఏడాదిన్నరగా ఆమె ఒంటికి వచ్చే ప్రతి గిరాకీనీ లాక్కుపోయే బ్రోకరుని, పసుపూ బెల్లమూ పెట్టి మేపింది నేనే.

"ఇప్పుడు సరిగ్గా చెప్పండి" అన్నది డాక్టరమ్మ. "మీరు చెప్పేదాన్ని బట్టే నేను డోసు రాసేది. తక్కువ రాస్తే పని చేయదు, ఎక్కువ రాస్తే గుండె దడ. రోజూ అర లీటరా? ఒక్క రోజు కూడా తప్పలేదా?"

నేను మా ఆవిడ వైపు చూసినాను. ఇక్కడే కదా ఆమె అందుకోవాల్సింది. 'అర లీటరు కాదు' అనాల. స్వెట్టరు గుండీ పట్టుకుని ఆమె ఫ్యాను వైపు చూస్తావుంది. ఆమె అందుకోలేదు. డాక్టరమ్మ పెన్ను ఎత్తుకుంది. నా అర లీటరు రాసేస్తుందని భయమేసింది.

"అర లీటరు కాదమ్మా" అన్నాను. "గ్లాసు."

"నిండు గ్లాసా?"

"మొదట అర. తర్వాత నిండు. మొదట్లో నీళ్ళు కలిపేవాణ్ణి. ప్యాకెట్టంతా వాడితే పెరుగుకి ఉండదని."

"ఐదింటికా?"

"ఏడున్నర."

"రోజూనా?"

"వారానికి ఒకటి పోతుంది. రెండు కూడా. పార్కులో మాటల్లో పడితే పదకొండయిపోతుంది. ఆ దినం టిఫిను మీదనే వేయించేస్తాను."

"కాల్షియం మాత్ర ఎప్పుడు?"

"దాంతోనే. ఒకే గుటకలో."

ఆమె అన్నీ రాసుకుంది. అంగట్లో నలభై ఏండ్లు కూర్చున్నాను. ముప్పై నాలుగు. ఆషాఢం సేల్‌లో కూడా అంత తగ్గింపు ఎవరికీ ఇచ్చింది లేదు.

డాక్టరమ్మ డోసు పెంచలేదు. మొదట రాసిన చిన్న మాత్రకే దింపింది. నీళ్ళతో, కాఫీ టిఫినులకి గంట ముందు. కాల్షియం మధ్యాహ్నం భోజనం మీద. రెండు నెలలకి మళ్ళీ పరీక్ష. "పాలు మానమని నేను చెప్పలేదు" అన్నది పోయేటప్పుడు. "వేళ మార్చండి, అంతే. సాయంత్రం ఎంతైనా తాగనీయండి."

ఆటోలో వస్తా, కాటన్‌పేట రోడ్డులో చెక్కబండ్లు అడ్డం పడి ఆగిపోయినప్పుడు, ఆమెతో చెప్పినాను. "నీకు ఇట్లా కావడానికి నేనే కారణం." తిడుతుందని సిద్ధంగా కూర్చున్నాను. "ఊఁ" అన్నది. ఆటో కదిలింది. తిట్టి ఉంటే బాగుండేది.

పాలు ఇవ్వడంలో ఒక పనితనం ఉండేది. నీళ్ళు ఇవ్వడంలో ఏముంది? గ్లాసు ముంచి ఇస్తే అయిపోయింది. గోడ గడియారం కింద కుర్చీ వేసుకుని ఆ గంటకి కాపలా కాసేవాణ్ణి. కాఫీ లేకుండా ఆమెకి కష్టంగా ఉంటుందని నేను కూడా ఆ గంట కాఫీ ముట్టలేదు. అంటే ఇంట్లో ముట్టలేదు. ముందుగానే పోయి, మూల హోటల్లో పార్కు స్నేహితుడితో ఒకే కాఫీని బై టూ కొట్టేసి వచ్చేవాణ్ణి. పార్కు మాత్రం మానేసినాను, అది నిజం. ఏడు దాటనివ్వలేదు. ఒక్క దినం కూడా తప్పలేదు, ఇది ఎవర్ని తెచ్చి అడిగినా ఇంతే.

నెల పోయింది. మార్పేమీ తెలియలేదు. పాలు కారణం కాకపోతే ఏమి అని లోపల తొలుస్తా ఉండేది. తప్పు నాదే అయి ఉండాలని మొక్కుకున్న మనిషిని నేనొక్కణ్ణే అయ్యుంటాను.

తర్వాత స్వెట్టరు ఒక దినం తీగ మీదకి పోయింది. మళ్ళీ తొడగలేదు. కడుపు తేలికైందన్నది. మిద్దె మీదకి తానే పోయి వడియాలు పెట్టి వచ్చింది. రెండు నెలల పరీక్షలో డాక్టరమ్మ కాగితం ఒక్కసారే చూసి పక్కన పెట్టింది. "ఇదే డోసు, ఇదే నీళ్ళు" అన్నది.

నాకది చాలలేదు. నాకు కావలసిన పరీక్ష వేరే ఉండాది.

ఆ ఆదివారం మా అక్క కొడుకుకి ఫోను చేసి, ఏదో పనున్నట్టు పిలిపించినాను. ఆమె వంటింట్లో చింతపండు పిసుకుతావుంది. వాణ్ణి వంటింటి గడప దగ్గరే కూర్చోబెట్టి, "ఆ దినం చెప్పినాను కదప్పా, మా అత్త మూడు చెంబుల పాలు ఇచ్చిందని" అని మొదలుపెట్టినాను.

లోపల చింతపండు చప్పుడు ఆగింది.

"గ్లాసు" అన్నది.

వాడు నవ్వు ఆపుకుంటావుండాడు.

"అది కూడా సగమే తాగినాడు" అన్నది ఆమె, తల ఎత్తకుండా. "మా అమ్మ పళ్ళెంలో నిప్పట్లు పెట్టి తెచ్చేదానికి లోపలికి పోతే, తలుపు చాటున ఉన్న నాకేసి దొంగ చూపు చూసినాడు. మిగిలిన సగం నేనే తాగి, వట్టి గ్లాసు చేతిలో పెట్టినాను."

నలభై ఏడేండ్లు ఆమె చెంబుని గ్లాసు దాకా దించింది గానీ, ఆ సగం గ్లాసు జోలికి ఎప్పుడూ పోలేదు. నా పరువని వదిలిపెట్టింది.

"ఇన్నేండ్లు చెప్పలేదే అత్తా" అన్నాడు వాడు.

"మీ మామ వాటా పాలు నేను తాగేది ఏమి కొత్తనా, చెప్పేదానికి?" అని ఆమె చింతపండు పిప్పి తీసి పక్కన పడేసింది. "మొన్న ఏడాదిన్నర తాగింది ఎవరు?"

నేను లేచి కాఫీ కలపడానికి పోయినాను. గడియారం చూసినాను. మాత్ర గంట ఎప్పుడో దాటింది.